ఎడారి నడకకి టికెట్ ఎవరు కొనాలి?

సహారా ఎడారిలో నడవబోతున్నానని, ఆ నడక పేరు చెప్పి ఇంగ్లండులో మా ఊరి హాస్పీస్‌కి (నయం కాని రోగుల్ని చివరిదాకా చూసుకునే చోటు) విరాళాలు పోగుచేస్తున్నానని ఫోన్లో చెబితే, ఒంగోలు నుంచి మా అమ్మ ఒకటే మాట అడిగింది. "నువ్వు ఇసకలో నడిస్తే వాళ్ళెందుకే నీకు డబ్బులిచ్చేది? ఆసుపత్రికి ఇవ్వాలనుంటే ఆసుపత్రికే ఇస్తారుగా?" ఇక్కడ పద్ధతి అంతేలే అమ్మా అని దాటేశాను గానీ, ఆ ప్రశ్నకి సూటి జవాబు చెప్పగలిగినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు, చారిటీల్లో పనిచేసేవాళ్ళతో సహా.

ఈ దేశంలో ఉన్నవాళ్ళకి ఇది వింతేం కాదు. ఆఫీసులో నెలకొకరు మారథాన్ పరిగెడతామనో, పారాచూట్ కట్టుకుని విమానంలోంచి దూకుతామనో, కిలిమంజారో ఎక్కుతామనో లింకు పంపిస్తారు. మనం పదో ఇరవయ్యో పౌండ్లు వేసి, కింద "ఆల్ ద బెస్ట్" అని రాసి, మళ్ళీ పనిలో పడిపోతాం. ఎవరూ లెక్కలడగరు. అడగడం మర్యాద కాదు కూడా. నేను ఈ నడకకి వెళ్ళాను, వెళ్ళినందుకు సంతోషంగానే ఉన్నాను, ఇంకొకళ్ళని వెళ్ళొద్దని చెప్పను. కానీ ఒక్క విషయంలో మాత్రం మొండిగా వాదిస్తాను: నడవండి, అడగండి, ప్రయాణం ఖర్చు మాత్రం మీ జేబులోంచి పెట్టుకోండి. వేరేవాళ్ళు రోగుల కోసమని ఇచ్చిన సొమ్ములో ఒక్క పెన్నీ కూడా మీ విమానం టికెట్‌కి పోకూడదు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను, గొడవంతా ఇక్కడే ఉంది కాబట్టి. ఒక చారిటీ, ఒక ట్రావెల్ కంపెనీ కలిసి సహారా ట్రెక్ అని ప్రకటిస్తాయి. మనం రిజిస్ట్రేషన్ కింద కొన్ని వందల పౌండ్లు కడతాం. అక్కణ్ణుంచి రెండు దారులు. ట్రిప్ ఖర్చంతా మనమే కట్టుకుని, విరాళాలు విడిగా చేతనైనంత పోగుచేయడం ఒకటి. రెండోదాన్ని మినిమమ్ స్పాన్సర్‌షిప్ అంటారు. ఫలానా తేదీలోగా రెండు వేల పౌండ్లో అంతకు పైనో వసూలు చేస్తానని మాటిస్తాం, ఆ వసూలైన డబ్బులోంచే మన విమానం, గుడారం, తిండి, గైడు, ఒంటెలు, అన్నిటి ఖర్చూ చారిటీ కట్టేస్తుంది. ఆ ఖర్చు ఒక్కోసారి వచ్చిందాంట్లో సగం దాకా ఉంటుంది. ఇదేం మోసం కాదు, చట్టవిరుద్ధం అసలే కాదు, షరతుల్లో ఎక్కడో రాసే ఉంటుంది. కాకపోతే ఉగాది ఫంక్షన్లో పులిహోర ప్లేటు ఒక చేత్తో, ఫోను ఇంకో చేత్తో పట్టుకుని, మొహమాటానికి ఇరవై పౌండ్లు వేసే ఆంటీ ఆ షరతులు చదవదు. ఆవిడ లెక్కలో ఆ ఇరవయ్యీ మంచం మీదున్న రోగికి చేరాయి. అందులో సగం నేను విమానంలో కిటికీ పక్కన కూర్చోడానికి పోయిందని తెలిస్తే పైకి ఏమీ అనదు. మనసులో అనుకుంటుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది ఈ వ్యవహారం అని.

ఇది నా ఛాదస్తం అనుకుంటే, ఇక్కడి పన్నులవాళ్ళ మాట వినండి. బ్రిటన్‌లో గిఫ్ట్ ఎయిడ్ అని ఒక ఏర్పాటుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు చారిటీకి ఒక పౌండు ఇస్తే, ప్రభుత్వం దానికి 25 పెన్నీలు కలుపుతుంది. మరి ఇలాంటి ట్రెక్కులకో? మన ట్రిప్ ఖర్చు విరాళాల్లోంచే కట్టేటట్లయితే, మనం ఇచ్చినదానికీ, మన భర్త, అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు, పిల్లలు ఇచ్చినదానికీ మామూలుగా ఆ 25 పెన్నీలు రావు, ఎందుకంటే ఆ ఇచ్చిన డబ్బుకి బదులుగా మనకో విహారయాత్ర దక్కుతోంది కాబట్టి అది పూర్తి దానం కిందికి రాదు. ట్రిప్ ఖర్చు మనమే కట్టుకుంటే ఆ ఇబ్బంది లేదు. పన్నులవాళ్ళకి కనిపించిన ఈ తేడా విరాళాలడిగే పోస్టర్ల మీద ఎందుకు కనిపించదో నాకర్థం కాదు. పోస్టరు మీద మాత్రం నారింజ రంగు తిన్నెల మీద ఒంటెల వరసా, "మీ జీవితంలో మరిచిపోలేని సవాలు" అన్న అక్షరాలూ ఉంటాయి.

డబ్బు అవసరం గురించి ఎవరికీ అనుమానం అక్కర్లేదు. ఇప్పుడు మనం హాస్పీస్ అంటున్న దానికి నాంది 1967లో దక్షిణ లండన్‌లో సిసిలీ సాండర్స్ మొదలుపెట్టిన సెయింట్ క్రిస్టఫర్స్. ఇక నయం కాదని తేలినవాళ్ళని నొప్పి లేకుండా, ఒంటరిగా వదిలేయకుండా చూసుకునే చోటు. అన్నీ ఉచితం. అయినా ఇంగ్లండులో పెద్దవాళ్ళ హాస్పీసులకి ప్రభుత్వం ఇచ్చేది ఖర్చులో దాదాపు మూడో వంతే. మిగతాదంతా పాతబట్టల దుకాణాలూ, వీలునామాలూ, కేకుల అమ్మకాలూ, మాలాంటి నడకరాయుళ్ళూ. మా టీమ్‌లో ఒకామె వాళ్ళమ్మ చివరి రోజులు మా ఊరి హాస్పీస్‌లోనే గడిపింది. నర్సులు రాత్రి రెండింటికి కూడా టీ పెట్టిచ్చేవారని చెప్పి ఏడ్చేది. నేను ఒప్పుకోవడానికి కారణం అదే. నాకు ఎడారి చూడాలని ఎప్పట్నుంచో ఉంది, అది రెండో కారణం. రెండూ నిజమే. రెండో కారణం ఖర్చు మొదటిదాని మీద వేయకూడదన్నదే నా గోల. అందుకే ట్రిప్ డబ్బు నేనే కట్టి, అడిగే ప్రతివాళ్ళకీ "నా ఖర్చు నాదే, మీరిచ్చేదాంట్లోంచి ట్రిప్‌కి ఏమీ పోదు" అని ముందే రాసి పంపాను. ఆ ఒక్క వాక్యం చదివి ముందు పది వేద్దామనుకున్నవాళ్ళు ఇరవై వేశారు.

మేం వెళ్ళింది 2023 నవంబరులో. ఆ సంవత్సరం సెప్టెంబరు 8 రాత్రి మొరాకోలో మరాకేష్‌కి దక్షిణాన అట్లాస్ కొండల్లో భూకంపం వచ్చింది, 6.8 తీవ్రత, దాదాపు 3,000 మంది చనిపోయారు. మరాకేష్ నుంచి ఎడారికి పోవాలంటే ఆ కొండలు దాటాలి. తిజి న్ తిష్కా అనే కనుమ, 2,260 మీటర్ల ఎత్తు, మెలికల రోడ్డు. పెద్ద నష్టం పక్క లోయల్లో జరిగింది గానీ, మా బస్సు కిటికీలోంచి కూడా అక్కడక్కడా గోడలు జారిపోయిన మట్టి ఇళ్ళూ, పక్కనే గుడారాలూ కనిపించాయి. లోపల మేమందరం ఒకే రంగు చారిటీ టీషర్టుల్లో. గుడారాల్లో ఉన్నవాళ్ళని దాటుకుని, గుడారాల్లో పడుకునే ముచ్చట తీర్చుకోడానికి పోతున్నాం, అదీ వేరే దేశంలో రోగుల పేరు చెప్పి. బస్సులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక సీట్లోంచి ఒకాయన మనం కూడా ఎంతో కొంత వేద్దాం అన్నాడు, టోపీ తిరిగింది, డబ్బు మరాకేష్‌లో ఒక సహాయ సంఘానికి గైడు ద్వారా వెళ్ళింది. మంచిదే. కానీ ఆ టోపీలో వేసిన నోటుకి ఏ కొండా ఎక్కక్కర్లేదు, ఏ ఎడారీ దాటక్కర్లేదు. చూశాం, జాలేసింది, ఇచ్చాం. మా అమ్మ చెప్పిన పద్ధతి అదే.

కొండలు దిగితే వర్జాజాత్, తర్వాత డ్రా లోయ వెంబడి ఖర్జూరపు తోటలు, జాగోరా. ఆ ఊళ్ళో ఒక గోడ మీద ఒంటెల బిడారు బొమ్మేసి "టింబక్టూ 52 రోజులు" (ఒంటెల మీద సహారా దాటి టింబక్టూ అనే ఊరికి పోవడానికి పట్టే కాలం) అని రాసుంటుంది, వచ్చినవాళ్ళందరూ దాని ముందు నిలబడి ఫొటో తీసుకుంటారు, మేమూ తీసుకున్నాం. రోడ్డు మ్హామిద్ దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి షిగాగా తిన్నెల వైపు నడక.

ఎడారి అంటే పోస్టర్లో ఉన్నట్టు అంతా ఇసకే అనుకుని వస్తారు. సహారాలో ఇసక తిన్నెలు దాదాపు పావు వంతే. మేం ఎక్కువగా నడిచింది గులకరాళ్ళ మైదానాల్లో, ఎండిన వాగుల్లో, చింపిరి తుమ్మచెట్ల మధ్య. రాళ్ళ మీద నడక విసుగు, తిన్నెల మీద నడక ప్రాణం తీస్తుంది, ఒకడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది. బూట్లలోకి ఇసక పోకుండా గైటర్లు కట్టుకున్నా ఎలా పోతుందో పోతుంది. మధ్యాహ్నానికి మడమలు మండటం మొదలవుతుంది. సాయంత్రం వరసగా కూర్చుని, సాక్సు విప్పి, బొబ్బల మీద టేపు అంటించుకోవడం మా సంధ్యావందనం. నవంబరు కాబట్టి పగలు ఎండ ఓర్చుకోవచ్చు. రాత్రి చలికి మాత్రం పళ్ళు టకటకలాడాయి.

ఇంతకీ నన్ను ఆలోచనలో పడేసింది బొబ్బలు కాదు, ఒంటెలవాళ్ళు. పొద్దున మేం లేచేసరికే టీ కాగుతుండేది. మేం బయల్దేరాక వాళ్ళు గుడారాలు పీకి, మడిచి, గిన్నెలూ నీళ్ళ డబ్బాలూ మా బ్యాగులూ ఒంటెల మీద కట్టి, గంట తర్వాత బయల్దేరి, మధ్యదారిలో మమ్మల్ని దాటేసి పోయేవాళ్ళు. కాళ్ళకి ప్లాస్టిక్ చెప్పులు. నేను వందల పౌండ్లు పోసి కొన్న బూట్లతో కుంటుతుంటే, ఒకాయన ఆ చెప్పులతో తిన్నె దిగుతూ పాట పాడుకుంటూ పోయాడు. మేం చేరేసరికి గుడారాలు లేచి ఉండేవి, పుదీనా టీ తయారుగా ఉండేది. మేం నడిచిన దూరమే వాళ్ళూ నడిచారు, బరువులు ఎక్కించి దింపి, వండి వడ్డించి మరీ. వాళ్ళ పేరు మీద ఎవరూ విరాళాలివ్వరు. మేం వెళ్ళిపోయాక ఇంకో గుంపుతో మళ్ళీ అదే దారి. రోజు కూలి ఎంతని గైడుని అడిగితే నవ్వి మాట మార్చాడు.

వాళ్ళలో పెద్దాయన రొట్టె కాల్చడం నేను దగ్గర కూర్చుని చూశాను. తుమ్మపుల్లలతో ఇసక మీద మంట వేసి, బాగా నిప్పులయ్యాక వాటిని పక్కకి లాగాడు. వేడెక్కిన ఇసకలో చేత్తో చిన్న గుంట చేసి, గోధుమపిండి ముద్దని వెడల్పుగా తట్టి అందులో పరిచాడు. పైన వేడి ఇసక కప్పి, దాని మీద మళ్ళీ నిప్పులు. పిండికి ఇసక అంటుకోదా అని సైగలతో అడిగాను. ఓపిక పట్టు అన్నట్టు చెయ్యి చూపించాడు. కాసేపయ్యాక తీసి తిరగేసి మళ్ళీ కప్పాడు. చివర్లో బయటికి తీసి వేలి కణుపులతో కొట్టి, చప్పుడు డొల్లగా వినిపించాక, కర్రతో టపటపా బాది గుడ్డతో తుడిచాడు. ఒక్క ఇసక రేణువు పంటికింద పడలేదు. మా గుంపులో ఒకమ్మాయి దీన్నంతా వీడియో తీసి విరాళాల పేజీలో పెట్టింది, కింద "మేం బతకడానికి ఏం తింటున్నామో చూడండి" అని రాసి. నాకు ఒళ్ళు మండింది. బతకడానికేంటి, అంత రుచైన రొట్టె నేను ఈ మధ్య తినలేదు.

ఎడారి నడకలు దండగ అని నేను అననిది కూడా ఈ మనుషుల కోసమే. డ్రా మొరాకోలో అన్నిటికంటే పొడవైన నది. 1972లో వర్జాజాత్ దగ్గర డ్యామ్ కట్టాక కిందివాళ్ళకి అప్పుడప్పుడూ వదిలే నీళ్ళే దిక్కు. మ్హామిద్ దగ్గర మేం చూసిన నదిలో ఇసక తప్ప ఏమీ లేదు. దాని మీద ఏళ్ళ తరబడి కరవు. తోటల్లో తలలు ఎండిపోయిన ఖర్జూరం చెట్లు వరసలకు వరసలు. ఒకప్పటి బిడారు వ్యాపారం ఎప్పుడో పోయింది, అల్జీరియా సరిహద్దు 1994 నుంచి మూతపడే ఉంది. ఒంటెలున్నవాళ్ళకి మిగిలింది మాలాంటివాళ్ళే. మాకు దారిలో తగిలిన ఇరికీ అనే చెరువు అడుగు బీటలు వారి, మైళ్ళకొద్దీ చదునుగా పడుంది. అందులో నీళ్ళు నిలిచి యాభై ఏళ్ళయిందన్నారు. మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరులో, కుండపోత వానలకి అదే చెరువు నిండి, ఉపగ్రహం ఫొటోల్లో నీలంగా కనిపించింది. నేను నడిచిన చోట నీళ్ళు! సరే, అసలు సంగతికొస్తే, మేం ఖర్చుపెట్టిన డబ్బు ఆ ఊరికి ఎంతో కొంత తిండి పెడుతోంది. దాన్ని పర్యటన అనుకుని, కూలి సరిగ్గా ఇస్తున్నారా లేదా అని అడిగి, మన డబ్బు మనం కడితే గౌరవంగా ఉంటుంది. త్యాగం అని పేరుపెడితే ఆ కూలి ప్రశ్న ఎక్కడికో పోతుంది.

మరి జనం ఎందుకిస్తారు? 2013లో క్రిస్టఫర్ ఒలివోలా, ఎల్డర్ షఫీర్ అనే ఇద్దరు పరిశోధకులు దీని మీద కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. ఒక మంచి పనికోసం హాయిగా పిక్నిక్ చేసుకోవడం కంటే, ఒళ్ళు హూనమయ్యేలా పరిగెత్తాల్సి వస్తేనే జనం ఎక్కువిస్తామన్నారట. కష్టపడితే దానికో అర్థం వస్తుందనుకుంటారని వాళ్ళ వివరణ. మనకి ఇదేం కొత్త కాదు. బస్సు సౌకర్యం ఉన్నా అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకి పోయేవాళ్ళు, మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళు, తలనీలాలిచ్చేవాళ్ళు, వీళ్ళనెవరూ "దేవుడికీ నీ మోకాళ్ళకీ ఏంటి సంబంధం" అని అడగరు. మా అమ్మ కూడా అడగదు, ఆవిడే ఎక్కింది కాబట్టి. నాకు తెలిసినంతలో మొక్కుకి, ట్రెక్కుకి తేడా ఒక్కటే, మొక్కులో కష్టం ఎవరిదో ఖర్చూ వాళ్ళదే.

అడగడానికి నడిచినవాళ్ళూ మనకున్నారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేని 80 ఎకరాలు కావాలని అడిగితే, అదే సభలో వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. భూదానం అక్కడ పుట్టింది. తర్వాత ఏళ్ళ తరబడి వినోబా ఊరూరా నడిచారు. ఆ ఉద్యమంలో పనికిరాని భూములిచ్చినవాళ్ళున్నారు, కాగితాల మీదే ఉండిపోయిన దానాలున్నాయి, అది వేరే కథ. కానీ ఆయన నడకకి పని ఉంది. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఆ దారిలోనే ఉన్నారు. మా నడకలో ఇచ్చేవాళ్ళు ఇంగ్లండులోని రెడింగ్‌లో ఆఫీసు కుర్చీల్లో, పుచ్చుకునేవాళ్ళు హాస్పీస్ మంచాల మీద, నేనేమో ఇద్దరికీ సంబంధం లేని షిగాగా తిన్నెల మీద.

ఎడారి లేకపోతే డబ్బు రాదన్నది కూడా నిజం కాదు. 2020లో లాక్‌డౌన్ మొదట్లో టామ్ మూర్ అనే మాజీ సైనికుడు, వందో పుట్టినరోజు లోపు తన తోటలో వంద చుట్లు తిరుగుతానని వాకర్ పట్టుకుని నడిచాడు. వెయ్యి పౌండ్లు వస్తే చాలనుకుంటే 3 కోట్ల 20 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) చారిటీలకి. విమానం టికెట్ ఖర్చు సున్నా. అందరికీ అంత రాదు, నిజమే, ఆ సమయం అలాంటిది, ఆ వయసు అలాంటిది. కానీ డబ్బు తెచ్చింది తోటా కాదు, దూరమూ కాదు, ఆ మనిషి.

ఈ మాటలన్నీ నేను అక్కడే, రాత్రి మంట దగ్గర అన్నాను. రిటైరైన టీచరమ్మ ఒకావిడ గట్టిగా తగులుకుంది. "నీకు మంచి జీతం, నువ్వు కట్టుకోగలవు. నాకు పెన్షన్. ఈ పద్ధతి లేకపోతే నేనీ జన్మకి ఎడారి చూడను. పైగా నేను అడక్కపోతే మా వీధిలోవాళ్ళు ఆ హాస్పీస్‌కి రూపాయి ఇచ్చేవాళ్ళు కాదు. సగం ఖర్చులకి పోయినా, మిగిలిన సగం నేను లేకపోతే రాని డబ్బేగా?" (ఆవిడ పౌండే అంది, రూపాయి నా చేయివాటం.) రెండో ముక్క కాదనలేను. సున్నా కంటే వెయ్యి ఎక్కువే. ఆవిడ ముగ్గురు మనవళ్ళ చేత కేకులు చేయించి అమ్మించింది, చర్చిలో క్విజ్‌లు పెట్టింది, నాకంటే ఎక్కువే వసూలు చేసింది. మొదటి ముక్క మాత్రం నేనొప్పుకోను. ఎడారి చూడాలన్న కోరిక మంచిదే, కానీ అది హాస్పీస్ తీర్చాల్సిన కోరిక కాదు. అలాగైతే సౌత్ డౌన్స్ వే ఉంది, ఇంగ్లండులోనే 160 కిలోమీటర్ల కాలిబాట, రైల్లో పోయి మొదలుపెట్టొచ్చు, బొబ్బలు అక్కడా వస్తాయి. కనీసం, ఇచ్చేవాళ్ళకి ముందే చెప్పండి, ఇందులో ఇంత నా ట్రిప్‌కి పోతుంది అని. చెప్పినా ఇచ్చేవాళ్ళు ఇస్తారు. "చెబితే ఇవ్వరు," అంది ఆవిడ వెంటనే. మరి చెప్పకపోవడం ఎందుకో మీరే చెప్పారుగా అన్నాను. మర్నాడు మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు, తర్వాత నా మడమ చూసి తన దగ్గరున్న టేపు తెచ్చి తనే అంటించింది.

ఇప్పుడు మా ఆఫీసులో ఇంకొకతను, నెల్లూరు కుర్రాడే, జోర్డాన్‌లో వాదీ రమ్ నడకకి పేరిచ్చాడు, అదే హాస్పీస్ కోసం. లింకు పంపాడు. "ట్రిప్ ఎవరి ఖర్చు తమ్ముడూ?" అని అడిగితే "స్పాన్సర్‌షిప్‌లోంచేగా అక్కా, అందరూ అంతేగా" అన్నాడు. నేను ఇద్దామనుకున్నది నేరుగా హాస్పీస్‌కి కట్టి, గిఫ్ట్ ఎయిడ్ గడి మీద టిక్కు పెట్టి, రసీదు అతనికి పంపాను. అతని టార్గెట్‌లో అది లెక్కకి రాదని బాగా ఉడుక్కున్నాడు. కొన్నాళ్ళు లంచ్‌కి వేరే టేబుల్ దగ్గర కూర్చున్నాడు. పోయిన వారం వచ్చి, అక్కా నీ గైటర్లు ఒకసారి ఇస్తావా అన్నాడు. ఇచ్చాను. బూట్లు కొత్తవి కొంటే ఇప్పట్నుంచే వేసుకుని తిరగమని కూడా చెప్పాను.